పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అని ఆడిట్ రిపోర్టులో ఎర్రగా వచ్చింది, సర్వర్ మార్చెయ్యాలా?

గాజువాక_కుర్రాడు
మంగళవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నేను ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీలో స్టోర్స్ అసిస్టెంట్‌ని. డిగ్రీలో కంప్యూటర్స్ చదివానని తెలిసినప్పటి నుంచి ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, వైఫై పోయినా, సర్వర్ ఆగినా నన్నే పిలుస్తారు. జీతం మాత్రం స్టోర్స్‌దే.

మాకు పెద్ద ఆర్డర్లిచ్చే కస్టమర్ ఒకరు సప్లయర్లందరి నెట్‌వర్కులనూ బయటి నుంచి స్కాన్ చేయించి రిపోర్టులు పంపారు. మాది 14 పేజీలు వచ్చింది. మొదటి పేజీలోనే ఎర్ర రంగు చూసి మా ఓనర్ గారికి ఒకటే టెన్షన్. శుక్రవారంలోగా జవాబివ్వాలి.

మా దగ్గర రెండు లినక్స్ సర్వర్లున్నాయి. ఉబుంటు 22.04 దాంట్లో డ్రాయింగులు, కొటేషన్లు ఉంటాయి. దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ దాంట్లో 8.9పీ1 వర్షన్, "సీవీఈ-2024-6387, క్రిటికల్" అని ఎర్రగా వేశారు (సీవీఈ అంటే బయటపడిన లోపానికి ఇచ్చే నంబరట). రెండోది సెంటాస్ 6, పాత రకం లినక్స్. 2014లో హుద్‌హుద్‌కి షెడ్డు రేకులు ఎగిరి పాత సర్వర్ తడిసిపోతే హడావుడిగా కొన్నారట, అప్పటికి నేను ఎనిమిదో క్లాసు. హాజరు మిషన్ డేటా, స్కాన్ చేసిన బిల్లులు దాంట్లోకి వెళ్తాయి. దాని మీద 5.3పీ1 ఉంది, పసుపు రంగు, "మీడియం".

రెండూ లాగిన్ కోసం 22 పోర్టులో (నెట్‌వర్క్ తలుపు నంబరు) బయటి ఇంటర్నెట్‌కి తెరిచే ఉన్నాయి. ఎర్రదాన్ని ముందు ఫార్మాట్ కొట్టి కొత్తది వేస్తే సరిపోతుందా?

అప్పన్న_దయ
మంగళవారం, రాత్రి 9:58

ఏటి బాబూ, 22 పోర్టు ఊరంతటికీ తెరిచేసి కూర్చున్నారా? బేగి 2222కి మార్చేయ్. సగం బాధ పోద్ది.

నైట్‌షిఫ్ట్_రుషికొండ
మంగళవారం, రాత్రి 11:20

పోర్టు మారిస్తే లాగ్‌లో గోల తగ్గుతుంది, అంతకు మించి ఏమీ జరగదు. పోర్టులన్నీ వెతికే స్కానర్లకి 2222 కొత్త కాదు.

తమ్ముడూ, ఫార్మాట్ జోలికి అప్పుడే వెళ్లకు. ఉబుంటులో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్యాకేజీ పూర్తి వర్షన్ చూసి ఇక్కడ పెట్టు. 8.9పీ1 తర్వాత తోక ఒకటి ఉంటుంది, నాకు కావలసింది ఆ తోకే.

గాజువాక_కుర్రాడు
బుధవారం, ఉదయం 8:15

థాంక్స్ అన్నా. 8.9పీ1-3ఉబుంటు0.11 అని ఉంది.

నైట్‌షిఫ్ట్_రుషికొండ
బుధవారం, ఉదయం 8:31

అన్న కాదు, అక్క.

ఆ తోక చూస్తే నీ ఉబుంటు ఈ విషయంలో బాగానే ఉంది. 2024 జూలై 1న ఈ బొక్క బయటపడిన రోజే ఉబుంటు వాళ్లు 22.04కి 3ఉబుంటు0.10 ఇచ్చారు. నీది దాని తర్వాతది. మరి రిపోర్టులో ఎర్రగా ఎందుకొచ్చిందంటే, స్కానర్ 8.9పీ1 వరకే చదివి ఆగిపోయింది. ఉబుంటు, డెబియన్, రెడ్‌హ్యాట్ లాంటి లినక్స్ తయారుచేసేవాళ్లు వర్షన్ నంబర్ మార్చకుండా పాతదాంట్లోనే రిపేర్ చేసి ఇస్తారు. పబ్లిషర్ పుస్తకాన్ని కొత్తగా అచ్చు వేయకుండా చివర తప్పొప్పుల పట్టిక అతికించినట్టన్నమాట. అట్ట మీద మొదటి ముద్రణ అనే ఉంటుంది.

తమాషా ఏంటంటే ఉబుంటు సర్వర్ పలకరింపులోనే ఆ తోక కూడా చెప్తుంది. చదివే ఓపిక స్కానర్‌కి లేదు.

అసలు బొక్క 8.5పీ1 నుంచి 9.7పీ1 దాకా ఉంది, 9.8పీ1లో సరిచేశారు. 4.4పీ1 కంటే పాతవాటిలోనూ ఉండేది. నీ సెంటాస్‌లోని 5.3 ఈ రెండింటి మధ్యలో పడింది కాబట్టి ఈ ఒక్క బొక్క వరకూ దానికి ఏమీ కాదు. కానీ ఇంకెన్ని ఉన్నాయో లెక్కపెడితే నీకు నిద్ర పట్టదు. నన్నడిగితే మీ రిపోర్టులో రంగులు తారుమారయ్యాయి.

అప్పన్న_దయ
బుధవారం, ఉదయం 9:10

మధ్యలో బాగున్నదేంటి? పాతదాంట్లో ఉండి, పోయి, కొత్తదాంట్లో మళ్లీ వచ్చిందా?

నైట్‌షిఫ్ట్_రుషికొండ
బుధవారం, మధ్యాహ్నం 1:05

అదే జరిగింది. 2006లో సీవీఈ-2006-5051 అని మూశారు. 2020 అక్టోబర్‌లో లాగ్ కోడ్ సర్దుతూ ఒక లైను తీసేశారు. 2021 మార్చిలో 8.5తో పాటు అది మళ్లీ జనంలోకి వచ్చింది. క్వాలిస్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్లు పట్టుకునే దాకా మూడేళ్లు ఎవరూ చూడలేదు.

ఇది పని చేసే తీరు చెప్తాను. లాగిన్ అవడానికి సర్వర్ మామూలుగా 120 సెకన్లు గడువిస్తుంది. గడువైతే అలారం మోగుతుంది. ఆ క్షణంలో ప్రోగ్రామ్ మెమరీ సర్దుకుంటూ ఉండొచ్చు. అలారం చూసే కోడ్ "గడువైపోయింది" అని లాగ్ రాయబోయి, మళ్లీ అదే మెమరీని ముట్టుకుంటుంది. ఇంట్లో పోపుల డబ్బా గిన్నెలన్నీ బయటికి తీసి తుడుస్తుంటే బెల్ మోగిందనుకో. తలుపు తీయడానికి వెళ్లినవాళ్లే వచ్చి, ఖాళీ డబ్బాలో చెయ్యి పెట్టి పోపు వేసినట్టు ఉంటుంది. ఆవాల చోట ఏముందో ఎవరికీ తెలియదు. ఆ గందరగోళంలోకి దాడిచేసేవాడు తన సరుకు తోస్తాడు. గురి కుదిరితే పాస్‌వర్డ్ లేకుండా నేరుగా రూట్, అంటే సర్వర్ మీద సర్వాధికారి, అయిపోతాడు.

కాకపోతే గురి కుదరడం కష్టం. 32 బిట్ లినక్స్ మీద ల్యాబ్‌లో సగటున 10,000 ప్రయత్నాలు, ఆరు నుంచి ఎనిమిది గంటలు పట్టిందని వాళ్లే రాశారు. భయపడాల్సిందే, కానీ మీ షెడ్డులోకి రావాలంటే ఎవడూ అంత కష్టపడనక్కర్లేదు.

టెల్నెట్_తాత
బుధవారం, మధ్యాహ్నం 3:40

నేను రిటైరై సీతమ్మధారలో కూర్చున్నాను, చేతిలో బోలెడు టైముంది. కాస్త ఓపిక పట్టండి.

మా రోజుల్లో లాగిన్ అంటే టెల్నెట్. పాస్‌వర్డ్ తీగ మీద ఉన్నదున్నట్టు వెళ్లేది. అప్పటి హబ్బుల పుణ్యమా అని ఒక మూల కూర్చున్నవాడికి ఆఫీసులో అందరి ట్రాఫిక్కూ కనబడేది. ఒకసారి లైను తప్పు వెతకడానికి, తీగ మీది ట్రాఫిక్ చదివే స్నిఫర్ పెడితే మా మేనేజర్ గారి పాస్‌వర్డ్ ఒక్కో ప్యాకెట్‌లో ఒక్కో అక్షరంగా వచ్చి తెర మీద నిలబడింది. అది ఆయన మనవరాలి ముద్దుపేరు. తర్వాత చాలా రోజులు ఆయన ముఖం చూడాలంటే నాకే సిగ్గేసేది.

ఫిన్లాండ్‌లో ఒక యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఇలాగే పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. అది చూసి అక్కడే పనిచేసే టాటు యులోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ చేసేవాళ్లు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ తెచ్చారు. ఇక గొడవే లేదనుకున్నాం. 2001లో ఎస్‌ఎస్‌హెచ్ మొదటి ప్రోటోకాల్‌లో ఒక బొక్క దొరికింది. ఎక్కడనుకున్నారు? దాడిని పట్టుకోవడానికని అదనంగా చేర్చిన కోడ్‌లోనే. 32 బిట్ల సంఖ్యను 16 బిట్ల చోట కుక్కారు. కాపలా కోసం తెచ్చిన కుక్కే దొంగకి గొళ్లెం తీసింది. 2003లో ఒక హాలీవుడ్ సినిమాలో హీరోయిన్ కరెంటు ఆఫీసు కంప్యూటర్‌లోకి దూరేది దీంతోనే.

2008 మేలో డెబియన్ గొడవ బయటపడింది. ఎవరో హెచ్చరిక మెసేజ్ వస్తోందని లాగిన్ తాళంచెవులు (కీలు) తయారుచేయడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో లైన్లు తీసేశారు. దాంతో ఒక్కో రకం తాళంచెవికి 32,768 నమూనాలే మిగిలాయి. 2006 నుంచి రెండేళ్లు అలా తయారైనవన్నీ మార్చుకోవాల్సి వచ్చింది. మనం సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తాం, కానీ పాత సాఫ్ట్‌వేర్ చేసిన తాళంచెవి ఫైలు అక్కడే పడి ఉంటుంది. అది ఎవరికీ గుర్తుండదు.

పోయిన తప్పు మళ్లీ రావడం కూడా కొత్త కాదు. 1994లో ఏఐఎక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో యూజర్ పేరు దగ్గర హైఫన్ ఎఫ్ రూట్ అని కొడితే పాస్‌వర్డ్ అడక్కుండా లోపలికి పంపేది. 2007లో సోలారిస్ 10 అనే ఇంకో సిస్టమ్ టెల్నెట్‌లో అచ్చంగా అదే తప్పు. పదమూడేళ్ల తర్వాత!

నల్లస్క్రీన్
బుధవారం, సాయంత్రం 5:15

తాతగారూ, తాళంచెవి అంటే గుర్తొచ్చింది. నేను సర్వర్లలోకి లాగిన్ అవడానికి ఇంకా పుట్టీ 0.70 వాడుతున్నాను. ఏమైనా ప్రమాదమా?

నైట్‌షిఫ్ట్_రుషికొండ
బుధవారం, సాయంత్రం 5:50

నీ కీ ఈసీడీఎస్‌ఏ పీ-521 రకమైతే ప్రమాదమే. 0.68 నుంచి 0.80 దాకా పుట్టీ ఆ రకం కీతో సంతకం చేసేటప్పుడు రహస్యంగా ఉండాల్సిన సంఖ్యలో మొదటి తొమ్మిది బిట్లూ ఎప్పుడూ సున్నాలే. 60 సంతకాలు సంపాదించినవాడు నీ ప్రైవేట్ కీని లెక్కగట్టేయగలడు. 0.81లో సరిచేశారు, కానీ తాతగారు చెప్పినట్టు పాత కీ పాతదే. దాన్ని సర్వర్లన్నిటి మీదా తీసేసి కొత్తది చేసుకో. వేరే రకమైతే ఈ గొడవ లేదు, అయినా కొత్త పుట్టీ దించుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

అప్పన్న_దయ
బుధవారం, సాయంత్రం 6:20

ఇదంతా బాగుంది గానీ, అమ్మా, 5.3లో ఈ పెద్ద బొక్క లేదని మీరే అన్నారు. పదేళ్లు నడిచిన పెట్టె. నడుస్తున్నదాన్ని కదపడం ఎందుకు? వర్షన్, వర్షన్ అని భయపెట్టి కొత్త సర్వర్లు అమ్ముకునేవాళ్లని ఈ ఊళ్లో చాలామందిని చూశాను.

నైట్‌షిఫ్ట్_రుషికొండ
బుధవారం, రాత్రి 7:02

అమ్ముకునేవాళ్ల సంగతి ఒప్పుకుంటాను. ఈ పెట్టె సంగతి ఒప్పుకోను. సెంటాస్ 6కి అప్‌డేట్లు 2020 నవంబర్ 30తో ఆగిపోయాయి.

తమ్ముడూ, రెండు పనులు చెయ్యి. అప్‌డేట్ల చిట్టా ఉండే యమ్ హిస్టరీలో చివరి అప్‌డేట్ ఎప్పుడో చూడు. తర్వాత లాగిన్లు నమోదయ్యే సెక్యూర్ లాగ్‌లో "యాక్సెప్టెడ్" అనే మాట వెతుకు. "ఫెయిల్డ్" చూడకు, అవి వేలల్లో ఉంటాయి.

గాజువాక_కుర్రాడు
బుధవారం, రాత్రి 8:26

చివరి అప్‌డేట్ 2016 మార్చి. అప్పుడే పాత వెండర్ మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ అయిపోయిందట.

ఫెయిల్డ్ చూడొద్దన్నా చూశాను అక్కా. రూట్, అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, పీఐ, ఉబుంటు... సెకనుకొకటి వస్తూనే ఉన్నాయి. లైవ్‌లో చూస్తుంటే ఎవరో తలుపు కొడుతున్నట్టే ఉంది.

యాక్సెప్టెడ్‌లో దాదాపు అన్నీ నావే, ఆఫీసు ఐపీ నుంచి. ఒక్కటి మాత్రం మూడు వారాల కిందటిది, రాత్రి 3:12కి, "స్కాన్" అనే యూజర్ పేరుతో, ఈ ఐపీ నుంచి: [తొలగించాం]

ఆ టైముకి మా షెడ్డులో వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. ఆయనకి కంప్యూటర్ రాదు.

నిర్వాహకుడు
బుధవారం, రాత్రి 8:31

ఐపీ అడ్రస్ తీసేశాం. లాగ్ అతికించేటప్పుడు అడ్రస్‌లు, యూజర్ పేర్లు చూసుకోండి.

నైట్‌షిఫ్ట్_రుషికొండ
బుధవారం, రాత్రి 8:33

స్కాన్ ఎవరు?

గాజువాక_కుర్రాడు
బుధవారం, రాత్రి 8:36

జిరాక్స్ మిషన్. బిల్లులు స్కాన్ చేస్తే ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీలో సర్వర్‌లోకి వెళ్లడానికి వెండర్ ఆ యూజర్‌ని పెట్టాడు.

పాస్‌వర్డ్ కూడా స్కానే.

నైట్‌షిఫ్ట్_రుషికొండ
బుధవారం, రాత్రి 8:38

సర్వర్‌కి వెళ్లే నెట్‌వర్క్ కేబుల్ పీకెయ్. పవర్ ఆపకు, రీస్టార్ట్ చెయ్యకు, ఏ ఫైలూ డిలీట్ చెయ్యకు. మానిటర్ తగిలించి ఎదురుగా కూర్చుని చూడు. సీపీయూ ఎవరు తింటున్నారు, స్కాన్ పేరు మీద టైముకి దానంతటదే నడిచే క్రాన్ పని ఏమైనా ఉందా, రూట్ ఫోల్డర్‌లో, పాస్‌వర్డ్ లేకుండా ఎవరిని రానివ్వాలో రాసే ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో ఎన్ని లైన్లున్నాయి. ఒక్కోటీ ఫోన్‌లో ఫొటో తీసుకో.

గాజువాక_కుర్రాడు
బుధవారం, రాత్రి 9:50

కేబుల్ పీకేశాను. కే వర్కర్ అనే పేరుతో ఒక ప్రాసెస్ నాలుగు కోర్లనూ నమిలేస్తోంది. లినక్స్ గుండెకాయ కెర్నల్‌ది అనుకునేవాడిని. దాని అసలు ఫైలు టెంప్ ఫోల్డర్‌లో, చుక్క తర్వాత ఖాళీ ఉన్న పేరుతో దాక్కుంది. మన సర్వర్‌తో వాడికి క్రిప్టో నాణేలు తవ్విపెట్టే కాయిన్ మైనర్ లాగుంది. మూడు వారాల నుంచి ఫ్యాన్ గోల పెడుతుంటే ఎండలకేమో అనుకుని, టేబుల్ ఫ్యాన్ తెచ్చి దాని వైపు పెట్టింది నేనే.

రూట్ ఆథరైజ్డ్ కీస్‌లో రెండు లైన్లున్నాయి. ఒకటి నాది.

అప్పన్న_దయ
బుధవారం, రాత్రి 10:04

అయ్యో బాబూ. కానీ చూశారా, వాడు పాత వర్షన్ బొక్కలోంచి రాలేదు. పాస్‌వర్డ్ కొట్టుకుని దర్జాగా వచ్చాడు. కొత్త ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఉన్నా స్కాన్, స్కాన్ అని కొడితే రానిచ్చేది.

నైట్‌షిఫ్ట్_రుషికొండ
బుధవారం, రాత్రి 10:40

నిజమే, రానిచ్చేది. కానీ వచ్చినవాడు స్కాన్‌గానే మిగిలేవాడు. ఇక్కడ రూట్ అయ్యాడు. వర్షన్ దెబ్బ కొట్టింది రెండో మెట్టు మీద.

2016 మార్చి తర్వాత ఏం వచ్చాయో చూడండి. 2016 అక్టోబర్‌లో కెర్నల్‌లో డర్టీ కౌ, 2021 జనవరిలో, రూట్ హక్కులు ఇచ్చే సుడోలో సీవీఈ-2021-3156, 2022 జనవరిలో అలాంటి పనే చేసే పీకేఎగ్జెక్‌లో పాన్‌కిట్. మామూలు యూజర్ ఎవడైనా వీటిలో ఏదో ఒకటి పట్టుకుని రూట్ కావచ్చు. సుడోది చూడండి, సుడో అనుమతి లేని యూజర్‌కి కూడా పని చేస్తుంది. అది బయటపడేసరికి సెంటాస్ 6 చచ్చి రెండు నెలలైంది, కాబట్టి చివరి రోజు దాకా శ్రద్ధగా అప్‌డేట్ చేసినవాళ్లకి కూడా ఉచితంగా ప్యాచ్ రాలేదు. మీ పెట్టెలో వాడు ఏ దారిన ఎక్కాడో లాగ్ చెప్పకపోవచ్చు. చెరిపేసి ఉంటాడు.

స్కాన్ అనే పేరుందని ఎలా తెలిసిందంటే ఊహించి కొట్టి ఉండొచ్చు. లేదా సర్వర్‌నే అడిగి ఉండొచ్చు. 7.7 దాకా ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో సీవీఈ-2018-15473 ఉండేది. విరిగిన ప్యాకెట్ పంపితే, ఉన్న పేరుకి ఒక రకంగా, లేని పేరుకి ఇంకో రకంగా స్పందించేది. సెంటాస్‌కి మూలమైన రెడ్‌హ్యాట్ 2019లో దీనికి ప్యాచ్ ఇచ్చింది, మీ పెట్టె 2016లోనే ఆగిపోయింది. ఇంట్లో ఎవరెవరున్నారో గుమ్మం దగ్గరే చెప్పేసే పెట్టె అది.

తమ్ముడూ, ఆ సెంటాస్ నుంచి ఉబుంటులోకి పాస్‌వర్డ్ లేకుండా వెళ్లే బ్యాకప్ కీ ఏదైనా ఉందా?

గాజువాక_కుర్రాడు
బుధవారం, రాత్రి 11:15

ఉంది అక్కా. నేనే పెట్టాను. 😭

ఉబుంటు లాగ్ చూశాను. ఆ కీతో రోజూ రాత్రి ఒంటిగంటకి బ్యాకప్ తప్ప వేరే లాగిన్ లేదు. ఇప్పుడే ఆ కీ తీసేశాను.

నైట్‌షిఫ్ట్_రుషికొండ
బుధవారం, రాత్రి 11:24

నీ అదృష్టం బాగుంది. మైనర్ నడుపుకునేవాడికి డ్రాయింగులతో పని లేకపోయింది. రేపు పొద్దున్న మీ ఓనర్ గారికి చెప్పెయ్, దాచకు. 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం ఇలాంటిది తెలిసిన ఆరు గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్‌కి తెలపాలి, లాగ్‌లు 180 రోజులవి ఉంచాలి. కాబట్టి "రేపు పొద్దున్న" అన్నది కూడా ఆలస్యమే, ఇప్పుడే ఫోన్ చెయ్. డిస్క్ కాపీ తీసి పక్కన పెట్టాక సెంటాస్‌ని మొదటి నుంచి కట్టండి. శుభ్రం చేసి మళ్లీ వాడదామని ఎవరైనా అంటే వినకు.

అప్పన్న_దయ
గురువారం, ఉదయం 7:30

రాత్రంతా ఒకటే ఆలోచన. బాబూ, మీ ట్యాలీ ఎక్కడుంది? అకౌంటెంట్ గారు ఇంటి నుంచి పని చేస్తారా?

గాజువాక_కుర్రాడు
గురువారం, ఉదయం 9:05

అకౌంట్స్ రూములో విండోస్ 7 సిస్టమ్‌లో. ఆయన మురళీనగర్ ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో వస్తారు. దానికి వేరే బ్రాడ్‌బ్యాండ్ లైనుంది. రిమోట్ డెస్క్‌టాప్ మామూలు పోర్టు 3389 కాకుండా 33890కి మార్చాం కాబట్టి ఎవరికీ తెలియదని వెండర్ అన్నాడు. కస్టమర్ స్కాన్ మొదటి లైనుకే జరిగింది, ఇది రిపోర్టులో రాలేదు.

అప్పన్న_దయ
గురువారం, ఉదయం 9:20

పోర్టు మార్చమని మొన్న నేనూ అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది నేను కాలిన విషయం. 2019 మేలో బ్లూకీప్ అని వచ్చింది, సీవీఈ-2019-0708. విండోస్ 7, సర్వర్ 2008, ఎక్స్‌పీ, 2003లకి. లాగిన్ తెర దాకా వస్తే చాలు, పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి. ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి దానంతటదే పాకగలదని, సపోర్ట్ ఎప్పుడో ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. నేను అప్పుడు చూసే ఆఫీసులో "ట్యాలీ ఆగిపోద్ది" అని అప్‌డేట్లు ఆపించేశారు. తర్వాత ఒక సోమవారం పొద్దున్న ఫైళ్లన్నీ తాళాలు పడి ఉన్నాయి. బ్లూకీప్‌తో వచ్చాడో, పాస్‌వర్డ్‌తో వచ్చాడో నాకు ఈ రోజుకీ తెలియదు. రెండూ తెరిచే ఉన్నాయి మరి.

ఆ ప్యాచ్ ఉందో లేదో తర్వాత చూద్దువు గానీ, ముందు రౌటర్‌లో బయటివాళ్లని ఆ సిస్టమ్‌కి పంపే ఫార్వర్డింగ్ తీసెయ్.

గాజువాక_కుర్రాడు
గురువారం, ఉదయం 10:48

తీసేశాను. అకౌంటెంట్ గారు "20వ తేదీ జీఎస్టీ ఎవరు ఫైల్ చేస్తారు, నువ్వా?" అని అరిచారు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టి ఆయన ల్యాప్‌టాప్‌లో ఒక బటన్ చూపించాను. "ఇది నొక్కాక ట్యాలీ తెరవండి" అంటే, కాగితం మీద రాసి అతికించమన్నారు. అతికించాను. విండోస్ 7 మార్చడానికి కూడా ఓనర్ గారు ఒప్పుకున్నారు.

ఉబుంటులో పాస్‌వర్డ్ లాగిన్ కూడా ఆపేశాను. ఇక కీ ఉంటేనే.

నైట్‌షిఫ్ట్_రుషికొండ
గురువారం, ఉదయం 11:02

ఆపేశానని నువ్వనుకోవడం కాదు. కీ లేని వేరే ఫోన్ నుంచి ప్రయత్నించు. ఇప్పుడున్న సెషన్ మాత్రం మూయకు.

గాజువాక_కుర్రాడు
గురువారం, ఉదయం 11:09

పాస్‌వర్డ్ అడుగుతోంది! ఫైల్లో "నో" అని పెట్టి రీస్టార్ట్ కూడా చేశాను కదా?

నైట్‌షిఫ్ట్_రుషికొండ
గురువారం, ఉదయం 11:15

50-క్లౌడ్-ఇనిట్ అనే చిన్న ఫైలు ఉందేమో చూడు, ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ డాట్ డీ ఫోల్డర్‌లో. దాంట్లో "యస్" అని ఉంటుంది. ఉబుంటులో ఆ ఫోల్డర్‌ని పెద్ద ఫైలు మొదట్లోనే చదువుతుంది, ఎస్‌ఎస్‌హెచ్‌డీ (ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రామ్) మొదట విన్న మాటకే కట్టుబడి ఉంటుంది. నువ్వు కింద ఎన్ని నోలు రాసినా వినదు. అక్కడ మార్చి, ఎస్‌ఎస్‌హెచ్‌డీ హైఫన్ పెద్ద టీ కొట్టి, అసలు అమల్లో ఏముందో చదువు.

గాజువాక_కుర్రాడు
శుక్రవారం, సాయంత్రం 6:35

క్లౌడ్ ఇనిట్ ఫైలే. ఇప్పుడు పాస్‌వర్డ్ అడగకుండానే తిప్పి పంపుతోంది.

కస్టమర్‌కి జవాబు పంపాం. ఎర్రదానికి ప్యాకేజీ పూర్తి వర్షన్ స్క్రీన్‌షాట్ పెట్టాం. పసుపుదానికి జరిగింది జరిగినట్టు రాశాం. ఓనర్ గారు మొదట వద్దన్నారు, తర్వాత ఆయనే సంతకం పెట్టారు. వాళ్ల ఐటీ ఆయన ఫోన్ చేసి స్కాన్ యూజర్ గురించి రెండుసార్లు అడిగారు. వాళ్ల దగ్గర కూడా వెతుక్కుంటున్నట్టుంది.

సెంటాస్ డిస్క్ తీసి కవర్లో పెట్టి, తేదీ రాసి బీరువాలో పెట్టాం. హాజరు మిషన్ కొత్త సర్వర్‌కి మాట్లాడుతోంది. జిరాక్స్ మిషన్ మాత్రం మొండికేసింది. ఎఫ్‌టీపీ తీసేశాక విండోస్ షేర్‌కి పంపుదామంటే, దానికి విండోస్ షేర్ల పాత పద్ధతి ఎస్‌ఎంబీ 1 తప్ప రాదట. 2017లో ఫైళ్లకి తాళాలు వేసిన వానాక్రై పాకింది దాంట్లోనే కదా?

నైట్‌షిఫ్ట్_రుషికొండ
శుక్రవారం, సాయంత్రం 6:51

దాంట్లోనే. ఆన్ చెయ్యకు. మిషన్ పక్కన యూఎస్‌బీ కన్నం ఉంటుంది చూడు.

గాజువాక_కుర్రాడు
శుక్రవారం, సాయంత్రం 7:10

ఉంది. బిల్లుల అబ్బాయికి పెన్‌డ్రైవ్ ఇచ్చాను. రోజుకి నలభై సార్లు నడవాలా అని అడుగుతున్నాడు.